సారమ్మ గారి పెద్దల బడి

హాలులోకి రాగానే సారమ్మ గారు చేసే మొదటి పని కుర్చీలు జరపడం. అటెండరు వరసలుగా వేసి పెట్టిన వాటిని ఒక్కొక్కటే ఈడ్చి గుండ్రంగా వేసేవారు. ఇనుప కాళ్లు గచ్చు మీద కీచుమనేవి. నేను సాయం పట్టబోతే ఒప్పుకునేవారు కాదు.

"ఉండు మౌనికా, ఇది నా పని. ఇవి జరుపుతాంటే నాకు రోంత ధైర్యం వస్తాది."

ముప్పై ఏళ్లుగా పెద్దవాళ్లకు పాఠం చెబుతున్న మనిషికి ధైర్యం ఎందుకు కావాలో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

తెలుగు ఎం.ఏ. అయ్యాక కళ్యాణదుర్గంలో ఒక శిక్షణ కేంద్రంలో నివేదికలు రాసే పని దొరికింది. రెండేళ్లు చేశాను. ఇప్పుడు కదిరిలో కాలేజీ పిల్లలకు పద్యాలు చెప్పుకుంటున్నాను. పుస్తకాల మధ్య బతకాలన్న కోరిక తీరింది. అయినా జూన్ నెల వచ్చి మొదటి వాన వాసన ముక్కుకు తగిలిందంటే, మనసు ఆ పాత హాలులోకే పోతుంది. గరగరమని తిరిగే ఫ్యాన్లు, స్టీలు గిన్నెల్లో పొగలు కక్కే బొరుగుల ఉగ్గాని, కిటికీ అవతల కనుచూపు మేర దున్ని వదిలేసిన ఎర్రనేల. ఆ నేల వాన కోసం చూస్తుంటే, లోపల మేము వాన గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్లం.

కేంద్రానికి వచ్చేవాళ్లు వ్యవసాయాధికారులు, వాటర్‌షెడ్ ఇంజనీర్లు, ఉద్యాన శాఖవాళ్లు, పశువుల డాక్టర్లు. వాతావరణం మారిపోతున్న ఈ రోజుల్లో మెట్ట సేద్యాన్ని ఎలా నిలబెట్టుకోవాలన్నది శిక్షణ. ఒక్కో జట్టుకు మూడు రోజులు. పెద్ద ఊళ్ల నుంచి వచ్చే శాస్త్రవేత్తలు తెర మీద గీతలు చూపించి, ఎండలు ఎలా ముదురుతున్నాయో, వాన రోజులు ఎలా తగ్గుతున్నాయో చెప్పి వెళ్లేవారు. మిగతా వేళంతా సారమ్మ గారిది. ఆమెకు సేద్యం శాస్త్రం తెలియదు, తెలుసని ఎప్పుడూ అనలేదు. ఆమెకు తెలిసిందల్లా ఒకటే, పెద్దవాళ్లు ఎలా నేర్చుకుంటారన్నది.

అది ఆమె నేర్చుకున్నది పామిడి దగ్గర, పెన్న ఒడ్డున ఉన్న తమ వాడలో. నాయన ఐజాక్ కూలి పనికి పోయేవాడు. ఆ వాడలో పది పాసైన మొదటి ఆడపిల్ల సారమ్మ. ఊరూరా అక్షరాస్యత కేంద్రాలు పెట్టిన రోజుల్లో చర్చి అరుగు మీద లాంతరు పెట్టి, పొద్దు గూకే వేళ పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించేది. వాళ్లలో నాయన కూడా ఉండేవాడు. ఇంట్లో "మే సారా, కాళ్లకు నీళ్లియ్యే" అని అరిచే మనిషి, లాంతరు వెలిగేసరికి వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుని "టీచరమ్మా" అనేవాడట.

"మొదటి రోజు వాచకం తెరిస్తే పడవ బొమ్మ," అని చెప్పేవారు సారమ్మ గారు. ఈ కథ ప్రతి జట్టుకూ చెప్పేవారు. నేను ఎన్నిసార్లు విన్నా విసుగు పుట్టేది కాదు. "మా పెన్నలో ఎప్పుడు జూసినా ఇసకే. మా నాయన ఆ బొమ్మను అట్ల తిప్పి ఇట్ల తిప్పి, 'టీచరమ్మా, ఎద్దుల తొట్టి ఇంత వంకరగా ఉండాదేమి?' అన్నాడు. అందరూ నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది. ఆపొద్దే వాచకం మూసి, 'మీకేం రాయాలని ఉందో చెప్పండి' అని అడిగినా. వాన అన్నారు. రెండక్షరాలు. ఆ రెండూ వచ్చేదాకా వాళ్లు ఇంటికి పోలేదు."

పెద్దలకు నేర్పే పద్ధతుల మీద కేంద్రంలో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. నేను దాన్ని భక్తిగా చదివాను. పెద్దలు తమ అనుభవానికి ముడిపెట్టి నేర్చుకుంటారని, అవసరం అనిపిస్తేనే నేర్చుకుంటారని, తమకు మర్యాద దక్కే చోటే నేర్చుకుంటారని అందులో ఉంది. ఒకరోజు ఆ పేజీలు చదివి వినిపించాను. సారమ్మ గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"బాగ రాసినారు. ఒకటి మర్చిపోయినారు."

"ఏమిటి మేడం?"

"పెద్దోళ్లు బడి మానితే మళ్ల రారు. పిల్లోళ్లనైతే వాళ్ల నాయన చెవి పట్టుకొని తెచ్చి దింపుతాడు. పెద్దోళ్లను ఎవురు దింపల్ల?"

ఆ మాటలోని బరువు నాకు ఆ జూన్‌లో వచ్చిన జట్టుతో తెలిసింది.

ఆ జట్టులో అందరికంటే పెద్ద నారాయణప్ప గారు, వాటర్‌షెడ్ ఇంజనీరు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, నోటి నిండా జోకులు. అందరికంటే చిన్నవాడు ఉదయ్ కుమార్, వ్యవసాయాధికారి. ఉద్యోగంలో చేరి మూడేళ్లు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో తలుపు పక్కది చూసి కూర్చున్నాడు. నేనూ కొత్త చోటికి పోతే తలుపు పక్కనే కూర్చుంటాను కాబట్టి అతన్ని గమనించాను.

మొదటి రోజు సారమ్మ గారు స్వాగతాలు, పరిచయాలు ఏవీ పెట్టుకోలేదు. నేరుగా అడిగారు. "మీరు చెప్పిన మాట విని నష్టపోయినోళ్లు ఎవురన్నా ఉండారా?"

అధికారులకు అది అలవాటు లేని ప్రశ్న. చివరికి నారాయణప్ప గారే అందుకున్నారు.

"నేను చెప్తా మేడం. పదేళ్ల కిందట ఒక చెక్‌డ్యామ్ కట్టించినా. మ్యాపులో వంక ఉండాది. నేల మీద చూస్తే వంక ఎప్పుడో దోవ మార్చుకొని పక్క ఊరికి పోయింది. ఇప్పుడు ఆ కట్ట మీద ఊరోళ్లు కూచుని బీడీలు తాగుతాండారు. నీళ్లు తప్ప అన్నీ నిలుస్తాయి ఆడ."

నవ్వులు పడ్డాయి. ఆ నవ్వు తర్వాత ఒక్కొక్కరి నోరు పెగిలింది. ఎండు గడ్డి దొరకని ఏడాది జెర్సీ ఆవులు ఇప్పించిన డాక్టరు, బోరులో నీళ్లు ఎన్నాళ్లుంటాయో చూడకుండా దానిమ్మ తోట వేయించిన ఉద్యాన అధికారి. సారమ్మ గారు ఎవరినీ మధ్యలో ఆపలేదు, ఎవరికీ సలహా ఇవ్వలేదు. ఉదయ్ కుమార్ మాత్రం ఏమీ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

రెండో రోజు మధ్యాహ్నం రైతుల సమావేశం ఆట. ఒకరు అధికారి, మిగిలినవాళ్లు రైతులు. మూడో రోజు నిజంగా ఊరికి పోయి సమావేశం పెట్టాలి కాబట్టి అది ముందస్తు సాధన. ఈ ఆటలో కోపంగా ఉన్న రైతు వేషం సారమ్మ గారిది. కొంగు నడుముకు చుట్టి, గొంతు మార్చి, ప్రతి జట్టునూ నవ్వించేవారు. అవే మాటలు, అవే విరుపులు. నాకు కంఠతా వచ్చేశాయి.

ఉదయ్ కుమార్ వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా సారూ, పోయినేడు నువ్వు చెప్పినావనే విత్తినాం," అని మొదలుపెట్టారు సారమ్మ గారు. "ఒక్క గింజ మొలకెత్తలేదు. ఇప్పుడేం చెప్పేకి వచ్చినావు?"

అతను నోరు తెరిచి, మళ్లీ మూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ప్రతి జట్టులోనూ ఎవరో ఒకరు ఇలా తడబడేవారు. తడబడితే ఆమె ఇంకా గట్టిగా పట్టుకునేవారు. అదే ఆట.

"నోరెత్తవేమి సారూ? ఫోన్లో అయితే బాగ చెప్తావు గదా. చెయ్యి పట్టుకొని విత్తించినట్ల చెప్తావు. ఈడికొస్తే మాట పడిపోయిందా?"

ఈసారి నవ్వులు ఎక్కువయ్యాయి. ఉదయ్ కుమార్ ముఖంలోకి రక్తం పొంగింది. కుర్చీ మీదున్న సంచీ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు. అది నాకు ఇంకా గుర్తుంది. అంత అవమానంలోనూ తలుపు మెల్లగా వేసిన మనిషి.

నారాయణప్ప గారు ఒక్కరే నవ్వలేదు. "మేడం, మీకు తెలీదా?" అన్నారు. "అది నిజంగా జరిగింది గదా ఆయప్పకు. కంబాలపల్లిలో."

సారమ్మ గారు నడుముకు చుట్టిన కొంగు విప్పుతున్నవారు అలాగే ఆగిపోయారు. మరునాడు మేము పోవలసిన ఊరు కంబాలపల్లి.

నారాయణప్ప గారు చెప్పింది ఇది. పోయిన ఏడు జూన్‌లో మండలాఫీసు ఆవరణలో ఉన్న వానమాపకంలో మంచి వాన పడినట్టు లెక్క వచ్చింది. ఉదయ్ కుమార్ ఫోన్‌లో అన్ని ఊళ్ల గుంపులకూ విత్తుకోవచ్చని సందేశం పెట్టాడు. కంబాలపల్లివాళ్లు ఫోన్ చేసి, మా ఊళ్లో నేల పైన మాత్రమే తడిసిందన్నారు. రికార్డులో ఉంది, భయపడకండి అన్నాడు ఇతను. మన సీమ వాన సంగతి తెలిసిందే. ఒక మడిలో పడితే పక్క మడిలో పడదు. ఆ ఊళ్లో వేసిన వేరుశనగ విత్తనం మొత్తం పోయింది.

"అంతటితో అయిపోయింటే బాగుండు," అన్నారు నారాయణప్ప గారు. "ఆడ కొండప్పని ఒక రైతు ఉండాడు. ఆయప్ప చెయ్యి మంచిదని ఊరంతా నమ్మకం. ఏటా మొదటి సాలు కొండప్పతోనే పట్టిస్తారు, ఆయన గొర్రు కదిలినాకే మిగతావాళ్లు విత్తేది. సారు చెప్పినాడు, పదండని కొండప్ప ముందు పడినాడు. మునిగినాక ఊరు ఈ సారును తిట్టి ఊరుకుంది. కొండప్పను మాత్రం మళ్ల పిలవలేదు. రబీలో ఉలవలు చల్లేటప్పుడు గూడా ఇంకొకరితో మొదలుపెట్టించినారంట. అప్పటినుంచి ఈ సారు ఆ ఊరి దిక్కు పోలేదు. కోస్తాకు బదిలీ కావాలని అర్జీ పెట్టుకున్నాడు."

ఆ సాయంత్రం ఆట సాగలేదు. అందరూ టీకి లేచారు. సారమ్మ గారు గుండ్రంగా ఉన్న ఖాళీ కుర్చీల మధ్య కూర్చుండిపోయారు. నేను పక్కన కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టారు.

"మా వాడలో ఓబులమ్మని ఉండేది మౌనికా. ఆమె ఎప్పుడు రాసినా 'వ' తలకిందులుగా పెట్టేది. ఒకనాడు ఆమె పలక ఎత్తి అందరికీ చూపించినా. నవ్వులాటకే. నాకు ఇరవై ఏండ్లు కూడా లేవు. అందరూ నవ్వినారు, ఆమె కూడా నవ్వింది. మరుసటి దినం రాలేదు. ఇంటికి పోయినా. మజ్జిగ ఇచ్చింది, మా అమ్మ ఎట్లుండాదని అడిగింది, బాగ మాట్లాడింది. బడికి మాత్రం రాలేదు. ఎన్ని తూర్లు పోయినా మజ్జిగ ఇచ్చింది గానీ పలక ముట్టలేదు. వేలిముద్రతోనే పోయింది."

ఆమె లేచి చెప్పులు వేసుకున్నారు. "రా, పోదాం."

ఉదయ్ కుమార్ కేంద్రం వెనక వసతి గదిలో ఉన్నాడు. బట్టలు సంచీలో సర్దుతున్నాడు. కిటికీ పక్కన అతని బైక్ తాళంచెవులు ఉన్నాయి. మమ్మల్ని చూసి గబుక్కున లేచి, మంచం మీది తువ్వాలు తీసి చోటు చేశాడు. సారమ్మ గారు కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడ్డారు.

"ఉదయ్ సార్, నేను తప్పు చేసినా. నాకు తెలీక చేసినా గానీ, మీ ముఖం చూసినాక గూడా ఆపలేదు. అది తెలిసి చేసిందే. అది చెప్పేకి వచ్చినా. రేపు రమ్మని చెప్పేకి రాలేదు."

"అయ్యో, అలాంటిదేం లేదు మేడం."

"ఉండాది. అంతమంది ముందర జరిగింది. పొద్దున అంతమంది ముందర చెప్తా, మీరున్నా లేకున్నా."

అతను మంచం అంచున కూర్చున్నాడు. చాలాసేపు సంచీ జిప్పు లాగుతూ, తీస్తూ ఉన్నాడు.

"కొండప్పన్న నా ఫోటో తీసి తన ఫోన్లో పెట్టుకున్నాడు మేడం," అన్నాడు చివరికి. "చేరిన కొత్తలో. మా సారు అని అందరికీ చూపించేవాడు. ఊళ్లో నలుగురు వద్దంటే ఆయనే నన్ను నమ్మి... నా వల్ల నష్టపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు తిడితే పడతాను. ఆయన ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ముందు ఎలా నిలబడను?"

సారమ్మ గారు ఓదార్పు మాటలేవో చెబుతారని నేను ఎదురుచూశాను. ఆమె అడిగింది వేరు.

"కొండప్ప ఇప్పుడు ఎట్లుండాడు?"

అతను తల ఎత్తాడు. "తెలియదు మేడం."

"సరే నాయనా," అని ఆమె వెనుదిరిగారు. అంతే. వస్తూ వస్తూ, రేపు రమ్మని గట్టిగా అడిగి ఉండాల్సింది కదా అన్నాను. "అడిగితే వస్తాడు మౌనికా. అడిగినందుకు వస్తాడు. అట్ల వచ్చినోడు ఆడ ఏం నేర్చుకుంటాడు?" అన్నారు. మెట్ల దగ్గర ఆగి కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

ఆ రాత్రి వాన వచ్చింది. మృగశిర కార్తెలో మొదటి వాన. పొద్దున చూస్తే వసతి గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద తువ్వాలు మడత పెట్టి ఉంది. బైక్ లేదు.

హాలులో అందరి ముందూ సారమ్మ గారు నిన్న అన్నట్టే చెప్పారు, తాను ఒక మనిషిని నవ్వులపాలు చేశానని, ఆ ఆట ఇక ముందు అలా ఆడించనని. నారాయణప్ప గారు ఏదో జోకు వేయబోయి మానుకున్నారు. తర్వాత అందరం వ్యాను ఎక్కాం. దారి పొడవునా నేల మచ్చలు మచ్చలుగా ఉంది. ఒక చోట గుంటల్లో నీళ్లు, మైలు దాటితే దుమ్ము. సారమ్మ గారు కిటికీ పక్కన కూర్చున్నారు. ఎదురుగా బైక్ వచ్చిన ప్రతిసారీ తల తిప్పి చూశారు.

కంబాలపల్లి బడి దగ్గర వ్యాను ఆగేసరికి సుంకమ్మ ఎదురొచ్చింది. ఆ ఊరి మహిళా సంఘం నాయకురాలు. సమావేశం ఏర్పాటు చేసింది ఆమే.

"రండి టీచరమ్మా. మీవాడు ఒకాయన మీకన్నా ముందొచ్చినాడే."

"ఎవురు?"

"ఆయనే, పోయినేడు మా చెనిక్కాయ విత్తనం మన్నుపాలు చేసిన సారు. తెల్లారినప్పటినుంచి కొండప్పింటి అరుగు మీద కూచున్నాడు. కొండప్ప చేనికాడికి పోయినాడు, ఇంగా రాలేదు. కాఫీ తాగు సారూ అంటే తాగడు. ఎండ పడతాంది, నీడలో కూచో అంటే కూచోడు. మావోళ్లంతా వచ్చి చూసిపోతాండారు, పెళ్లిచూపులకొచ్చినోన్ని చూసినట్ల."

సారమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా పట్టుకున్నారు.

మేము వెళ్లేసరికి ఉదయ్ కుమార్ అరుగు మీద ఉన్నాడు. ప్యాంటు అంచులకు బురద. మమ్మల్ని చూసి లేవలేదు, వీధి చివరకు చూస్తున్నాడు. అక్కడి నుంచి ఒక మనిషి వస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా, భుజం మీద గడ్డపార. ఎడమ చేతిలో మట్టి పెళ్ల. దగ్గరికి వచ్చి, అరుగు మీది మనిషిని చూసి ఆగాడు. ఊరంతా ఆగింది.

"కొండప్పన్నా," అని లేచాడు ఉదయ్ కుమార్. "ఎట్లుండావో అడిగేకి వచ్చినా." అంతవరకూ పుస్తకాల భాషే మాట్లాడిన మనిషి నోట ఆ ఊరి మాట వచ్చింది.

కొండప్ప గడ్డపార గోడకు ఆనించాడు. "అడిగేకి ఏడాది పట్టిందా సారూ?"

"పట్టింది."

"రికార్డులో వాన ఉండాదంటివి."

"అవునన్నా."

"తడిసింది మండలాఫీసప్పా. మా చేను కాదు."

"అవునన్నా. మీవోళ్లు ఫోన్ చేసి చెప్పినా వినలేదు."

కొండప్ప కొట్లాడటానికి సిద్ధపడ్డ మనిషిలా ఉన్నాడు. ఎదుటివాడు ప్రతిదానికీ అవునంటుంటే ఏం చేయాలో తోచక, చేతిలోని మట్టి పెళ్లను అటూ ఇటూ తిప్పాడు. ఉదయ్ కుమార్ చూపు దాని మీద పడింది. నల్లగా తడిసిన ఎర్రమట్టి. నొక్కితే వేళ్ల అచ్చు నిలిచింది.

"ఇది ఏ చేనిది?"

"గుట్ట కింద చేనిది. జానెడు లోతున తవ్వి తీసినా. పదునుండాది."

విత్తడానికి నేల లోపల చాలినంత తేమ ఉంటే దాన్ని పదును అంటారు మా వైపు. పైకి చూస్తే తెలియదు, తవ్వాలి.

"చెరువు కట్ట దిక్కు?"

"నాకేం తెలుసు? ఆడ నా చేను లేదు."

ఉదయ్ కుమార్ చుట్టూ చేరిన జనం వైపు తిరిగాడు. కొంచెం తడబడుతూ అడిగాడు. ఎవరి చేనిలో వాళ్లు జానెడు తవ్వి, పిడికెడు మట్టి తీసుకురాగలరా అని. "ఎందుకు సారూ, మన్ను గూడా ఆఫీసుకు ఎత్తుకపోతావా?" అన్నారెవరో. జనం నవ్వారు. అతనూ నవ్వాడు. నేను నిన్నటి నవ్వు తలుచుకుని భయపడ్డాను గానీ, అతను నిలబడే ఉన్నాడు.

సారమ్మ గారు అధికారుల చెవిలో చెప్పారు. "మీరూ పోండి, తలా ఒక చేనికి. తవ్వేది వాళ్లు, చూసేది మీరు."

ఎండ ముదిరేసరికి ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. బడి ముందు పరిచిన బండల మీద ఉదయ్ కుమార్, కొండప్ప కలిసి ఆ మట్టి పిడికెళ్లను పేర్చారు. గుట్ట ఈ పక్క, చెరువు ఆ పక్క, బాట మధ్యలో. ఎవరి చేను ఎక్కడుందో అక్కడ వాళ్ల మన్ను. పేర్చడం అయ్యాక చూస్తే, రాత్రి కురిసిన వాన మొత్తం మా కళ్ల ముందు బండల మీద ఉంది. గుట్ట దిక్కు నల్లగా, ముద్దలుగా. బాట దాటితే సగం తడి. చెరువు వైపు ఉత్త దుమ్ము. గాలికి కొంచెం కొంచెంగా లేచిపోతోంది.

నారాయణప్ప గారు దుమ్ము వైపు వంగి చూసి, "ఇది నా చెక్‌డ్యామ్ కింది మన్ను మాదిరి ఉండాదే," అన్నారు.

ఊరివాళ్లకూ అది కొత్తే. ఎవరి చేను పదును వాళ్లకు తెలుసు. ఊరంతటి పదును ఒక్కచోట ఎవరూ చూడలేదు. ఆ బండల చుట్టూ కూర్చుని వాళ్లు, అధికారులు మాట్లాడుకున్నారు. గుట్ట కింద విత్తుకోవచ్చునా, బాట పక్క ఇంకో వాన దాకా ఆగాలా, చెరువు దిక్కు ఆలస్యమైతే వేరుశనగ మాని కొర్ర, కంది వేయవచ్చునా. ఎండలు ఎలా మారుతున్నాయో, వానకూ వానకూ మధ్య ఎడం ఎలా పెరుగుతోందో తెర మీద నేర్చుకున్నది అధికారులు చెప్పారు. ఊరివాళ్లు కొన్ని ఒప్పుకున్నారు, కొన్నిటికి వాదనకు దిగారు. ఉదయ్ కుమార్ విత్తమని గానీ వద్దని గానీ అనలేదు. మట్టి చూపించి అడుగుతూ పోయాడు. సారమ్మ గారు వెనకాల బడి మెట్టు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకుని తింటున్నారు. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఆ రెండేళ్లలో ఆమె అంత సంతోషంగా ఉండటం నేను చూసింది ఆ పూటే.

మాటలు అయ్యాక సుంకమ్మ లేచింది. "పదును గుట్ట కిందే ఉండాది. గుట్ట కింద మొదటి చేను కొండప్పది. ఇంగ ఎవురు మొదలుపెట్టల్లనో మన్నే చెప్తాండాది గదా."

కొందరు తల దించుకున్నారు, కొందరు బీడీలు వెతుక్కున్నారు. కొండప్ప కళ్లు బండల మీదే ఉన్నాయి.

"వొద్దు సుంకమ్మా," అన్నాడు మెల్లగా. "నాకు భయమైతాంది."

ఉదయ్ కుమార్ అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నాకూ భయంగానే ఉండాదన్నా. ఇంగో తూరి తవ్వి చూద్దామా? ఇద్దరం?"

కొండప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. "ఆ బూట్లేసుకొని వస్తావా?"

ఉదయ్ కుమార్ బూట్లు విప్పి బడి మెట్టు పక్కన పెట్టాడు. కొండప్ప గడ్డపార తీసుకున్నాడు. ఇద్దరూ గుట్ట వైపు నడిచారు, ముందు ఒకరు, వెనక ఒకరు. వాళ్లు మాట్లాడుకున్నారో లేదో మాకు వినబడలేదు. కొంచెం దూరం పోయాక ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు లేచి, తువ్వాళ్లు దులుపుకుని, అటే కదిలారు.

మధ్యాహ్నం శిక్షణ ముగింపు సభ ఉంది. సర్టిఫికెట్లు ఇవ్వడానికి అనంతపురం నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. అందరం వ్యాను ఎక్కి కూర్చున్నాం. డ్రైవరు వెనక్కి తిరిగి, బైక్ మీద వచ్చిన సారు సభకు రారా అన్నాడు. దూరంగా గుట్ట కింద ఎర్రటి చేనిలో చిన్న చిన్నగా మనుషులు కనబడుతున్నారు. ఒకరు వంగి తవ్వుతున్నారు, ఒకరు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ఎవరు ఎవరో ఇక్కడికి తెలియడం లేదు. డ్రైవరు హారన్ మీద చెయ్యి వేశాడు.

సారమ్మ గారు ముందుకు వంగి అతని చెయ్యి పట్టుకున్నారు.

"పిలవొద్దప్పా. బండి పోనీ."

డ్రైవరు ఒక క్షణం ఆమె వంక చూసి, గేరు మార్చాడు.